డచెస్ పొట్ట కింద వేడి

ఇంగ్లండ్‌లోని గ్రిమ్స్‌బీ రేవులో చేపలు కోసే ఆడవాళ్ళలో మాక్సీన్ క్రిబ్ చేతివేగం తెలియనివాళ్ళు లేరు. బడి మానేసిన ఏడే కత్తి పట్టింది. హాడక్ చేపని బల్ల మీద వేశారంటే, పక్కనున్న మనిషి ఒక మాట పూర్తి చేసేలోగా దాన్ని రెండు పలకలుగా విడదీసి ముల్లు అవతల పారేసేది. అన్నేళ్ళూ మంచుముక్కల్లో, ఐసునీళ్ళలో నానిన ఆ వేళ్ళు చలికాలం వచ్చిందంటే సున్నం కొట్టినట్టు తెల్లబడిపోయేవి. అప్పుడు సూది గుచ్చినా తెలిసేది కాదు. "పొయ్యి మీంచి గిన్నె దించడానికి నాకు మసిగుడ్డ అక్కర్లేదు" అని తనే నవ్వేది.

ఆమె భర్త నెవిల్ చేపల లారీ నడిపేవాడు. నెమ్మదస్తుడు. లారీలో ఒంటరిగా తిరిగీ తిరిగీ మాటలు అరిగిపోయిన మనిషి. నడుం పట్టేసి లారీ మానేశాక ఇంట్లో ఏం చెయ్యాలో తోచక, టీ కప్పు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి వీధి చూస్తుండేవాడు. అలాంటి రోజుల్లో పాత స్నేహితుడొకడు చిన్న ఇంటికి మారుతూ, తన పాముని ఎవరైనా తీసుకుంటారా అని అడిగాడు. నెవిల్ ఇంకో మాట లేకుండా తెచ్చేసుకున్నాడు. రాయల్ పైథాన్. కొండచిలువల్లో చిన్నజాతి, మనిషి నడుముకి ఒక చుట్టు తిరిగేంత పొడుగు. ముదురు గోధుమరంగు ఒంటి మీద తేనెరంగు మచ్చలు. పేరు డచెస్, అంటే దొరసాని.

"దాన్ని నా ఇంట్లో ఎక్కడ పెడతావు?" అంది మాక్సీన్ గుమ్మంలోనే నిలబడి.

"ముందుగదిలో. కిటికీ పక్కన కాదులే, చలిగాలి కొడుతుంది."

"చలిగాలి కొడుతుందని నా గురించి ఎప్పుడైనా అనుకున్నావా?"

నెవిల్ నవ్వి ఊరుకున్నాడు. ఆమె నవ్వలేదు. ముందుగదిలో మంచి భోజనాల బల్ల వేసుకోవాలని ఆమెకి ఎప్పటినుంచో ఉంది. ఆ జాగాలోకి అద్దాల పెట్టె వచ్చి కూర్చుంది.

నెవిల్ ఆ పెట్టె కోసం పడిన తిప్పలు చూస్తే ఆమెకి ఒళ్ళు మండేది. పెట్టె అడుగున ఒక పక్కకి మాత్రమే కరెంటుతో వేడెక్కే పలచటి చాప పరిచాడు. పాముకి ఒళ్ళు వెచ్చబడాలంటే ఇటు రావాలి, చల్లబడాలంటే అటు పోవాలి, అందుకని రెండో పక్క వేడి లేకుండా వదిలేశాడు. రెండు పక్కలా దాక్కోవడానికి చెరొక బోర్లించిన గూడు పెట్టాడు. చాప వేడి మితిమీరకుండా కాపలా కాసే థర్మోస్టాట్ అనే చిన్న డబ్బా గోడకి బిగించాడు. దాని నుంచి వచ్చే సన్నటి తీగ కొసని పెట్టె లోపల, సరిగ్గా చాపకి పైన, నేలకి టేపుతో అంటించాడు. రోజూ పొద్దున్నే ఆ నేల మీద వేడి కొలిచి చూసుకునేవాడు. కొలుస్తూ దానితో కబుర్లు. "ఏమ్మా డచెస్, పడుకున్నావా? బయట వాన పడుతోంది, నువ్వు లోపలే ఉండు తల్లీ."

వంటింట్లోంచి వింటున్న మాక్సీన్‌కి ఆ మాటలు లెక్కపెట్టాలనిపించేది. తనతో రోజంతా అన్ని మాటలు ఆడేవాడు కాదు.

రేవులో ఆమె పక్క బల్ల దగ్గర నిలబడే జానిస్ ఊరుకునే రకం కాదు. "ఏమే, మీ ఆయన రెండో సంసారం పెట్టాడటగా?"

"పెట్టాడు. దానికి పక్క కింద వేడి కూడా అమర్చాడు. నాకు మాత్రం వేడినీళ్ళ సంచీయే గతి."

బల్లల దగ్గర అందరూ గొల్లుమన్నారు. ఆమె కూడా నవ్వింది. కానీ ఇంటికెళ్ళాక నెవిల్‌తో, "ఏదో ఒకరోజు తలుపు తీసి దాన్ని పెరట్లో మంచులో వదిలేస్తాను చూడు" అంది. ఆ మాట ఒకసారి కాదు, చాలాసార్లే అంది. నెవిల్ ప్రతిసారీ తీగ గురించి ఏదో చెప్పబోయేవాడు. "నేను ఎప్పుడైనా ఇంట్లో లేకపోతే, ఇదిగో, ఈ తీగ కొస మాత్రం..." ఆమె సగంలోనే వంటింట్లోకి వెళ్ళిపోయేది.

జనవరిలో ఒక మధ్యాహ్నం పంది మాంసం కూరి కాల్చే పోర్క్ పై కొనడానికి దుకాణం దగ్గర వరుసలో నిలబడ్డ నెవిల్ ఉన్నట్టుండి గోడకి జారగిలబడ్డాడు. మూతి ఒక పక్కకి వంకరపోయింది. ఎడమ చెయ్యి చచ్చుబడింది. ఆ పొద్దున్నే ఇద్దరూ పాము గురించే మాటా మాటా అనుకున్నారు. ఆమె ఆసుపత్రికి పరుగెత్తేసరికి అతను మంచం మీద ఉన్నాడు. మాట ముద్దగా వస్తోంది. ఆమెని చూసి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. తర్వాత అతను కూడబలుక్కుని అన్న మొదటి మాట, "డచెస్?"

"నేను చూసుకుంటానులే. నువ్వు పడుకో" అంది మాక్సీన్.

నిజంగానే చూసుకోవాలనుకుంది. పొద్దున అన్న మాటలు గొంతులో ముల్లులా అడ్డంపడి ఉన్నాయి. అతను ఇంటికొచ్చేసరికి ఆ పెట్టె తళతళలాడాలి, అంత కోపంగా ఉన్న మనిషే ఎంత చేసిందో అతను చూడాలి అనుకుంది. ఆ ఆదివారం నెవిల్ తోట పనికి వాడే చేతితొడుగులు వేసుకుని, చీపురుకట్ట సాయంతో డచెస్‌ని మూత ఉన్న బట్టల బుట్టలోకి దించింది. పెట్టెలో పరిచిన పాత చెక్కపొట్టు అంతా ఎత్తిపోసింది. అద్దాలు సబ్బునీళ్ళతో తుడిచి, మంచినీళ్ళతో కడిగింది. నేల మీద మురికిపట్టిన టేపు కింద ఒక తీగ కనిపించింది. గోరుతో టేపు పీకి, తీగని బయటికి లాగి, పెట్టె వెనకాల చుట్టచుట్టి పొందిగ్గా కిటికీ గట్టు మీద పెట్టింది. గూళ్ళలో ఒకదాన్ని కడిగి, ఒక్క పాముకి రెండిళ్ళెందుకనుకుని వెనక షెడ్డులో పడేసింది. కొత్త పొట్టు పరిచి, పాముని లోపల వదిలి, వెచ్చగా ఉండే పక్కనే మిగిలిన గూడు పెట్టింది. చలిలో ఉన్న ప్రాణం కదా, వెచ్చగా పడుకుంటుందిలే అనుకుంది. ఆ గదిలో ఎలాగూ ఎవరూ కూర్చోవడం లేదని గోడ పక్కన గదిని వెచ్చబరిచే రేడియేటర్ కట్టేసింది.

చివర్లో లోపలికి చెయ్యి పెట్టి నేల తాకి చూసింది. గోరువెచ్చగా ఉంది. బాగానే ఉంది.

ఆసుపత్రిలో నెవిల్‌కి చెప్పింది, "నీ దొరసాని ఇల్లు అద్దంలా చేశాను పో." అతను వంకరమూతితోనే నవ్వాడు. పక్క మంచం మీద ఉన్న స్టాన్లీ అనే ముసలాయన, "ఆ దొరసానిని ఒకసారి ఇటు తీసుకురామ్మా, మా నర్సు పరుగు చూడాలని ఉంది" అన్నాడు. మాక్సీన్‌కి మనసు తేలికపడింది.

తర్వాత డచెస్ నీళ్ళపళ్ళెంలో చుట్టచుట్టుకుని పడుకోవడం మొదలుపెట్టింది. పొద్దున చూసినా అక్కడే, పని నుంచి వచ్చి చూసినా అక్కడే. మాక్సీన్ అది కూడా నవ్వుతూ చెప్పింది. "స్నానాలు ఎక్కువయ్యాయి దొరసానికి. పళ్ళెంలోంచి లేవడం లేదు."

నెవిల్ నవ్వలేదు. "నీళ్ళలోనా? ఎంత... ఎంతసేపు?"

"రోజంతా. హాయిగా ఉంది."

అతను కుడిచెయ్యి ఎత్తి ఏదో చెప్పాలని చూశాడు. మాట అందలేదు. "తీ... తీగ" అన్నాడో, "తియ్యి" అన్నాడో ఆమెకి అర్థం కాలేదు. "నువ్వు ఆయాసపడకు. నేనున్నాగా" అని దుప్పటి సర్దింది.

ఆ మర్నాడు పళ్ళెం మార్చబోతే డచెస్ అద్దానికి ఆనుకుని పైకి లేచింది. అప్పుడు మొదటిసారి ఆమె దాని పొట్ట చూసింది. దంతంలా తెల్లగా ఉండే పొట్ట పొలుసులు మధ్య భాగంలో ఎర్రగా, కొన్నిచోట్ల గోధుమరంగుకి తిరిగి, నీటిబుగ్గలు లేచి ఉన్నాయి. ఒకచోట తోలు ఊడి లోపలి మాంసం కనిపిస్తోంది. మాక్సీన్ నలభై ఏళ్ళు చేపల పొట్టలు చీల్చిన మనిషి. అయినా పళ్ళెం అక్కడే వదిలేసి వెనక్కి జరిగింది.

తను పీకేసిన తీగకి ఏదో పని ఉందని అప్పటికీ ఆమెకి తట్టలేదు. పాముని దిండుగలీబులో వేసి, మూతికట్టి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఒళ్ళో పెట్టుకుని టాక్సీలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టర్ టాస్కర్ వయసులో చిన్నావిడ. పాముని టవల్ మీద తిరగేసి చూసింది.

"కాలిపోయిందమ్మా. కింద వేడి ఎక్కువై కాలింది. చాపకి థర్మోస్టాట్ ఉందా?"

"ఉంది. మా ఆయన పెట్టాడు."

"దాని తీగ కొస ఎక్కడుంది?"

ఒక్క క్షణంలో మాక్సీన్‌కి అంతా కళ్ళముందు కనిపించింది. మురికి టేపు, తన గోరు, కిటికీ గట్టు. "ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది" అంది. "ఆ డబ్బాయే పాడైపోయినట్టుంది."

డాక్టరు తలూపింది. "అలా కూడా అవుతుంది. చూడండి, ఆ తీగ కొస ఎక్కడ పడుంటే అక్కడి చలే ఆ డబ్బాకి తెలుస్తుంది. పెట్టె బయట పడుంటే, గది చలిగా ఉంది కాబట్టి లోపల ఇంకా చలిగానే ఉందనుకుని చాపని కాలుస్తూనే ఉంటుంది. పాముకేమో పొట్ట కాలుతోందని మనలా చటుక్కున తెలియదు. దాక్కునే చోటు అక్కడే ఉంటే అక్కడే పడుకుంటుంది. రెండో పక్క కూడా గూడు ఉందా?"

"ఉంది" అంది మాక్సీన్. రెండో అబద్ధం మొదటిదానికన్నా తేలిగ్గా వచ్చింది.

"చేత్తో తాకి చూశారా?"

"చూశాను. గోరువెచ్చగానే ఉంది."

డాక్టరు ఆమె చేతుల వైపు చూసింది. తెల్లగా పాలిపోయిన వేళ్ళు. ఆ చూపే మాక్సీన్‌కి చెంపదెబ్బలా తగిలింది. ఆ వేళ్ళని కోటు జేబుల్లో పెట్టేసుకుంది.

ఇంటికొచ్చి అన్నీ చక్కబెట్టింది. చాప కట్టేసి చల్లారనిచ్చింది. డాక్టరు చెప్పినట్టు పొట్టు తీసేసి తెల్లటి కాగితాలు పరిచింది. షెడ్డులోంచి గూడు తెచ్చి చల్లటి పక్కన పెట్టింది. తీగ కొసని మళ్ళీ చాప పైన నేలకి అంటించి, నెవిల్ సొరుగులోని వేడి కొలిచే పరికరం తీసి, అంకె కుదిరేదాకా మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. రేడియేటర్ మళ్ళీ వేసింది. అప్పుడు లేవకుండా అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. మంచులో వదిలేస్తానని అన్నిసార్లు అన్నది తనే కదా. ఇప్పుడు నిప్పు మీద పెట్టింది. తెలియక చేశానా, నా చెయ్యి కావాలనే ఆ తీగ లాగిందా? నెవిల్ చెప్పబోయిన ప్రతిసారీ ఎందుకు వినలేదు? డచెస్ గూట్లోంచి తల బయటపెట్టి నాలుక ఆడించి, మళ్ళీ లోపలికి లాక్కుంది.

రోజూ మందునీళ్ళలో దాన్ని కాసేపు ఉంచాలి. తర్వాత మెత్తటి గుడ్డతో అద్ది, పొట్టకి లేపనం రాయాలి. అంతకుముందు ముట్టుకోని మనిషి, చేతితొడుగులు లేకుండా దాన్ని ఒళ్ళో పెట్టుకోవడం నేర్చుకుంది. అది కరవలేదు. కరిచినా బాగుండేదనిపించింది ఆమెకి. లేపనం రాస్తుంటే మణికట్టు చుట్టూ నెమ్మదిగా చుట్టుకుని, వెచ్చదనం కోసం ఆమె స్వెట్టర్ చేతిలోకి తల దూర్చేది. తనని కాల్చిన చేతినే పట్టుకుని వేలాడే ఆ ప్రాణాన్ని చూస్తే మాక్సీన్‌కి ఏడుపు ఆగేది కాదు.

నెవిల్‌కి చెప్పకుండా ఉండడం కుదరదని తెలుసు. రేపో మాపో ఇంటికొస్తాడు, చూస్తాడు. అందుకని సగం చెప్పింది. "డచెస్‌కి కొంచెం కాలింది. ఆ డబ్బా పాడైంది. డాక్టరుకి చూపించాను, తగ్గుతుంది."

నెవిల్ మాట అప్పటికి కాస్త తేటపడింది. "ఆ డబ్బా... వాడేసింది తెచ్చాను" అన్నాడు. "కొత్తది కొనమన్నాడు, పాముని ఇచ్చినవాడు. నేనే... నేనే ఆలస్యం చేశాను." కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. "నా తప్పే, మాక్స్. పాపం దాన్ని నేనే కాల్చాను."

మాక్సీన్ నోరు తెరిచింది. 'కాదు' అన్న ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. "ఏడవకు" అని మాత్రం అంది.

ఆ రోజు నుంచి నెవిల్ డీలాపడిపోయాడు. చేతికి వ్యాయామం చేయించే అమ్మాయి వస్తే కళ్ళు మూసుకుని పడుకునేవాడు. బంతి చేతిలో పెడితే జారవిడిచేవాడు. స్టాన్లీ కూడా హాస్యాలు మానేశాడు. "ఏమైందమ్మా మీ ఆయనకి? నిన్నంతా దుప్పటి ముసుగుపెట్టుకునే ఉన్నాడు. పాము పోయిందా ఏంటి?" అని గుసగుసగా అడిగాడు.

"పోలేదు" అంది మాక్సీన్.

రేవులో జానిస్‌కి చెప్పుకుంది. జానిస్ చేపల కత్తి తుడుచుకుంటూ తేలిగ్గా కొట్టిపారేసింది. "ఓసి పిచ్చిదానా, పాము కోసం ఇంత బాధా? డబ్బా మీద నెట్టేశావు, డబ్బాకి నోరుందా? వదిలెయ్."

"డబ్బా మీద కాదే నేను నెట్టింది. ఆయన మీద నెట్టాను" అంది మాక్సీన్. ఆ మాట తన నోట విన్నాక ఇక నిలబడలేకపోయింది. ఏప్రాన్ విప్పి కొక్కేనికి తగిలించి, షిఫ్టు మధ్యలోనే బస్సెక్కింది.

చేపల వాసనతోనే వార్డులోకి వెళ్ళి నెవిల్ మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "డబ్బా పాడవలేదు" అంది. "నేనే తీగ పీకి కిటికీ మీద పెట్టాను. గూడు కూడా తీసేశాను. చేత్తో తాకి బాగానే ఉందనుకున్నాను. డాక్టరుకీ అబద్ధం చెప్పాను. నువ్వు ఏడుస్తుంటే చూస్తూ ఊరుకున్నాను."

నెవిల్ ఆమె వైపు చూశాడు. వంకరపోయిన మూతిలో ఏముందో ఆమెకి తెలియలేదు. "నువ్వు ఎన్నిసార్లు చెప్పబోయావో నాకు గుర్తుంది. నేనే వినలేదు" అంది. స్టాన్లీ గోడ వైపు తిరిగి నిద్రపోతున్నట్టు నటించాడు.

"ఇంటికెళ్ళు" అన్నాడు నెవిల్ చివరికి.

"నెవ్..."

"ఇంటికెళ్ళు, మాక్సీన్."

అతను ఆమెని పూర్తిపేరుతో పిలిచి చాలా ఏళ్ళయింది. ఆమె లేచి వెళ్ళింది. బస్సులో ఎవరో వాసనకి కిటికీ తెరిచారు. ఆమె పట్టించుకోలేదు. ఇంటికెళ్ళి లేపనం రాసింది.

మర్నాడు వెళ్ళాలా వద్దా అని తటపటాయించి వెళ్ళింది. నెవిల్ దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కుడిచేతిలో వ్యాయామం బంతి ఉంది, దాన్ని ఎడమ అరచేతిలోకి నొక్కుతున్నాడు.

"తీగ కొస ఇప్పుడు ఎక్కడుంది?" అన్నాడు.

"చాప పైన. నేలకి."

"పొట్టు కిందా, పైనా?"

"ఇప్పుడు కాగితాలే. కాగితం కింద, నేలకి ఆనించి."

"టేపు అంటించావా? దాని పొలుసులకి అంటుకుంటుంది. తోలు ఊడుతుంది."

ఆమె బిత్తరపోయింది. "పాతది టేపే కదా..."

"అదీ నా తప్పే. డాక్టరుని అడుగు, అంటుకోకుండా బిగించే క్లిప్పు ఏదైనా ఉంటుంది." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "వేడి ఎక్కడ కొలిచావు?"

"నేల మీద. చాప పైన, తర్వాత చల్లటి పక్కన. రెండూ."

"చేత్తో?"

"చేత్తో కాదు" అంది మాక్సీన్, చాలా చిన్న గొంతుతో.

అంతే. తిట్టలేదు, ఓదార్చలేదు. ఆ రోజు మొదలు ఆమె వెళ్ళిన ప్రతిసారీ ఇలాగే అడిగేవాడు, ఆమె బడిపిల్లలా అప్పజెప్పేది. ఆ తర్వాత ఒక సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళేముందు ఆమె డాక్టర్ టాస్కర్ దగ్గరికి కూడా వెళ్ళి, మొదట చెప్పినవి రెండూ అబద్ధాలని ఒప్పుకుంది. డాక్టరు, "తెలుసమ్మా. కాలిన తీరు చూస్తేనే అనుమానం వచ్చింది. మీరు దాన్ని తీసుకొచ్చారు కదా, చాలామంది తీసుకురారు" అంది. ఆ మాట మంచిమాటే. మాక్సీన్‌కి మాత్రం అది మోయడానికి ఇంకాస్త బరువుగా తోచింది.

వసంతం వచ్చాక నెవిల్ చేతికర్ర పట్టుకుని ఇంటికొచ్చాడు. కోటు కూడా విప్పకుండా ముందుగదిలోకి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. అప్పటికి డచెస్ కుబుసం విడిచింది. కొత్త తోలు కింద పుండ్లు మానాయి కానీ పొట్ట మధ్యలో పొలుసులు ముడతలు పడి, అతుకులేసినట్టు వంకరటింకరగా మిగిలాయి. అవి ఇక మామూలుగా అవవు. ఎడమచెయ్యి సహకరించక అతను దాన్ని ఎత్తలేకపోయాడు. మాక్సీన్ ఎత్తి అతని ఒళ్ళో పెట్టింది. నెవిల్ కుడిచేతి బొటనవేలితో ఆ మచ్చల మీద మెల్లగా రాశాడు. చాలాసేపు రాశాడు.

"తింటోందా?"

"మొన్నే ఒక ఎలుక తింది."

"మంచిది."

డచెస్ నెవిల్ ఒళ్ళోంచి జారి, కుర్చీ పక్కనే నిలబడ్డ మాక్సీన్ చేతి మీదికి పాకింది. అలవాటైన స్వెట్టర్ చేతిలోకి తల దూర్చబోయింది. మాక్సీన్ సిగ్గుపడి దాన్ని మళ్ళీ అతని వైపు తిప్పింది. నెవిల్ చూశాడు. "ఉండనీ" అన్నాడు. అది క్షమించడమో, అలసటో ఆమెకి తెలియలేదు. అడగలేదు కూడా.

ఇప్పుడు పెట్టె పని ఇద్దరూ చేస్తారు. నీళ్ళు మార్చేదీ, కాగితాలు మార్చేదీ, పాముని ఎత్తేదీ మాక్సీనే. పొద్దున్నే టీ పెట్టకముందే మోకాళ్ళ మీద కూర్చుని నేల వేడి కొలిచి, గట్టిగా చదివి చెబుతుంది. నెవిల్ వింటాడు. "సరే" అంటాడు. తర్వాత చేతికర్ర ఆనించి, ఎంత నొప్పైనా వంగి, తన కళ్ళతో ఇంకోసారి అంకె చూసుకుంటాడు. మాక్సీన్ లేవకుండా అతను చూడడం అయ్యేదాకా అలాగే పక్కన కూర్చుని ఉంటుంది.